2016 వీ-క్రాస్ ముందు భాగం: ఏ పార్టులు మార్చాలి, ఏవి ఉంచాలి?

కోడూరు_తోట:

మిత్రులందరికీ నమస్కారం. మాది రైల్వే కోడూరు. 2016లో కొన్న ఇసుజు డి-మ్యాక్స్ వీ-క్రాస్ ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే పికప్ బండి) మా ఇంట్లో ఉంది. మీటరు 1,60,000 కిలోమీటర్లు దాటింది. ఈ బండి సగం హైవే మీద, సగం మా మామిడి, బొప్పాయి తోటల బాటల మీద తిరిగింది. ఇంజను, గేర్‌బాక్సు విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇబ్బంది అంతా ముందు భాగంతోనే.

రేణిగుంట దారిలో 70 దాటితే బండి ఒకే వరుసలో నిలవడం లేదు, స్టీరింగును అటూ ఇటూ సవరిస్తూనే ఉండాల్సి వస్తోంది. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు ఎడమ వైపు కింది నుంచి ఠక్కుమని ఒక్క దెబ్బ వినిపిస్తుంది. తోట బాటలో నెమ్మదిగా పోతున్నప్పుడు గడగడమనే చప్పుడు వేరే ఉంది. ఎడమ ముందు టైరు లోపలి అంచు దాదాపు నున్నగా అరిగిపోయింది, బయటి అంచు మాత్రం బాగానే ఉంది.

తిరుపతిలో ఒక గ్యారేజీలో చూపిస్తే, బండిని ఛాసిస్ కింద జాకీ పెట్టి ఎత్తి, చక్రాలను చేతులతో ఊపి చూసి, కాసేపట్లోనే జాబితా రాసి ఇచ్చారు. రెండు వైపులా చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే అప్పర్ ఆర్మ్‌లు, లోయర్ ఆర్మ్‌లు, వాటి చివర ఉండే బాల్ జాయింట్లు, స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు, ర్యాక్ ఎండ్లు, బండి ఒరగకుండా చూసే స్టెబిలైజర్ బారుకు ఉండే లింక్ రాడ్లు, షాక్ అబ్జార్బర్లు, వీల్ బేరింగులు, వాటితో పాటు స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగు తిప్పితే పక్కకు జరిగి చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) కూడా మార్చాలన్నారు. అంచనా లక్ష రూపాయలకు పైమాటే. డబ్బు పెట్టడానికి నేను వెనుకాడడం లేదు. ఈ బండిని ఇంకా చాలా ఏళ్లు వాడుకోవాలన్నదే నా ఆలోచన. కాకపోతే, ఏ పార్టు ఎందుకు మారుస్తున్నామో తెలియకుండా అన్నీ మార్చడం నాకు సబబుగా తోచడం లేదు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరని ఆశిస్తున్నాను.

గుంటూరు_గేరు:

నమస్కారం అండీ. నా అభిప్రాయం గ్యారేజీ వారికి దగ్గరగా ఉంటుంది. తొమ్మిదేళ్లు దాటిన రబ్బరు ఏదైనా గట్టిపడే ఉంటుంది. ఒక పార్టు మారిస్తే దాని పక్కనున్న పాత పార్టు మీద భారం పడి అది ఆరు నెలల్లో పోతుంది, మళ్లీ విప్పుడు కూలీ, మళ్లీ అలైన్‌మెంటు (చక్రాల కోణాలు సరిచేయడం) ఖర్చు తప్పవు. బండిని నమ్ముకుని రోజూ తోట పని చేసుకునేవారికి, అది గ్యారేజీలో నిలిచిపోయిన రోజుల నష్టం కూడా లెక్కలోకి వస్తుంది. ఒకేసారి చేయించి నిశ్చింతగా ఉండండి.

ఆటోనగర్_పానా:

కోడూరు గారూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో సస్పెన్షన్ పని చేస్తాను. మీ జాబితా చదివాక ముందుగా ఒక్క మాట చెప్పాలి. మీ బండి ముందు భాగాన్ని ఛాసిస్ కింద జాకీ పెట్టి ఎత్తి ఊపితే బాల్ జాయింట్ గురించి నమ్మదగిన విషయం ఏదీ తెలియదు.

ఎందుకంటే వీ-క్రాస్ ముందు సస్పెన్షన్ డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రానికి పైన ఒకటి, కింద ఒకటి ఆర్మ్‌లు), కాయిల్ స్ప్రింగ్ రకం. స్ప్రింగు లోయర్ ఆర్మ్ మీద కూర్చుంటుంది. బండి బరువు స్ప్రింగు గుండా లోయర్ ఆర్మ్‌కు, అక్కడి నుంచి లోయర్ బాల్ జాయింట్‌కు, ఆ తరువాతే చక్రానికి చేరుతుంది. ఛాసిస్ కింద ఎత్తినప్పుడు ఆర్మ్ కిందికి వేలాడుతుంది, స్ప్రింగు దాన్ని ఇంకా కిందికి నెడుతూనే ఉంటుంది. ఆ బిగువులో అరిగిన జాయింట్ కూడా గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది. కాబట్టి జాకీని లోయర్ ఆర్మ్ కిందనే, బాల్ జాయింట్‌కు వీలైనంత దగ్గరగా పెట్టి, టైరు నేల విడిచేంత మాత్రమే ఎత్తాలి. అప్పుడు జాయింట్ మీద బిగువు తొలగుతుంది. టైరు కింద గడ్డపార పెట్టి మెల్లగా పైకి లేపుతూ, మరొకరు లోయర్ బాల్ జాయింట్ మీద వేలు ఆనించి ఉంచితే, ప్లే (వదులు కదలిక) ఉన్నదీ లేనిదీ కంటికన్నా ముందు వేలికే తెలుస్తుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా ఛాసిస్ కింద స్టాండు కూడా తప్పకుండా పెట్టండి.

తరువాత చక్రాన్ని పైన ఒక చేయి, కింద ఒక చేయి వేసి ఊపాలి. ప్లే కనిపిస్తే, లోపల ఒకరిని కూర్చోబెట్టి బ్రేకు తొక్కించి మళ్లీ ఊపాలి. బ్రేకు తొక్కగానే ప్లే మాయమైతే తప్పు వీల్ బేరింగ్‌ది, అలాగే ఉంటే బాల్ జాయింట్‌ది లేదా ఆర్మ్ బుష్‌ది (ఆర్మ్‌ను ఛాసిస్‌కు పట్టే చోటి రబ్బరు). మీ జాబితాలో బేరింగు, బాల్ జాయింటు రెండూ ఉన్నాయంటే, ఈ చిన్న పరీక్ష చేయలేదనే నాకు అనిపిస్తోంది.

చేతులను కుడి ఎడమలకు పెట్టి ఊపితే వచ్చే ప్లే టై రాడ్ ఎండ్‌ది, ర్యాక్ ఎండ్‌ది లేదా బేరింగ్‌ది అవుతుంది. దీనికి ఇంకా మంచి పద్ధతి ఉంది. బండిని నేల మీదే ఉంచి, ఇంజను ఆన్ చేసి, ఒకరు స్టీరింగును రెండు అంగుళాలు అటూ ఇటూ కదుపుతుంటే మరొకరు కింద పడుకుని ఒక్కొక్క జాయింటునూ చూడాలి. ర్యాక్ ఎండ్ రబ్బరు తొడుగు లోపల ఉంటుంది కనుక, ఆ తొడుగును వేళ్లతో నొక్కి పట్టుకుంటే లోపలి జాయింటు కొట్టుకోవడం చేతికి తెలుస్తుంది. ఆ తొడుగు లోపల నూనె ఉంటేనే ర్యాక్ సీల్ పోయిందని అర్థం. తొడుగు పొడిగా ఉండి, ర్యాక్ ఎండ్‌లో మాత్రమే ప్లే ఉంటే ర్యాక్ ఎండ్ మారిస్తే చాలు, ర్యాక్ జోలికి పోవద్దు.

అంచనాలో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు ఆ ర్యాకే. అది అవసరమా కాదా అన్నది ముందు తేల్చుకోండి.

పలమనేరు_207:

నా దగ్గర టాటా 207 ఉంది. నాకు తెలిసినంతవరకు ముందు భాగం శబ్దం అంటే కింగ్‌పిన్ (చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన కడ్డీ), దాని బుష్‌లే. ఇక్కడ ఎవరూ కింగ్‌పిన్ మాట ఎత్తలేదు, ఎందుకని?

ఆటోనగర్_పానా:

పలమనేరు గారూ, 207కు ముందు రిజిడ్ యాక్సిల్, లీఫ్ స్ప్రింగులు ఉంటాయి. దానికి కింగ్‌పిన్ ఉంటుంది, అదే ప్రధానమైన అరుగుదల చోటు. వీ-క్రాస్‌కు ముందు యాక్సిల్ దూలం లేదు. కింగ్‌పిన్ చేసే పనిని పై, కింది బాల్ జాయింట్లు రెండూ పంచుకుంటాయి. అందుకే మీ బండికి యాక్సిల్ కింద జాకీ పెట్టే పద్ధతి దీనికి పనికిరాదు. లీఫ్ స్ప్రింగు బండ్ల మీద చేయి తిరిగిన మేస్త్రీలు చాలామంది అదే అలవాటుతో ఈ బండ్లను కూడా చూస్తున్నారు, ఇలాంటి జాబితాలు అక్కడి నుంచే వస్తున్నాయి.

బ్రిస్బేన్_బండి:

అందరికీ నమస్కారం. నేను ఆస్ట్రేలియాలో ఉంటాను, నాదీ డి-మ్యాక్సే. ఇక్కడివి థాయ్‌లాండ్‌లో తయారై వస్తాయి. మీ వీ-క్రాస్ మన శ్రీసిటీ కర్మాగారంలో తయారైనదై ఉంటుంది. క్వీన్స్‌ల్యాండ్‌లో రిజిస్ట్రేషన్ ఉన్న వాడిన బండి అమ్మాలంటే సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. ఆ తనిఖీలో స్టీరింగు, సస్పెన్షన్ జాయింట్లను గట్టిగానే చూస్తారు. అందువల్ల ఇక్కడి వర్క్‌షాపుల వారు పార్టులను రెండు వర్గాలుగా విడదీసి మాట్లాడటం గమనించాను. విరిగితే చక్రం అదుపు తప్పే పార్టులు ఒక వర్గం: లోయర్ బాల్ జాయింటు, అప్పర్ బాల్ జాయింటు, టై రాడ్ ఎండు, ర్యాక్ ఎండు. వీటిలో ప్లే ఉందని తేలితే వాయిదా అన్న మాటే ఉండదు. రెండో వర్గం అరిగితే శబ్దం చేసేవి, టైరు తినేవి: లింక్ రాడ్లు, స్టెబిలైజర్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు. వీటికి తొందర లేదు, వీలు చూసుకుని చేయించుకోవచ్చు.

ఆన్‌లైన్‌లో పార్టులు తెప్పించేవారికి ఒక హెచ్చరిక. డి-మ్యాక్స్‌లో తక్కువ ఎత్తు టూ బై ఫోర్ రకానికీ, ఎత్తయిన ఫోర్ బై ఫోర్ రకానికీ బాల్ జాయింట్లు ఒకటి కావు. బొమ్మలో ఒకేలా కనిపిస్తాయి. ఛాసిస్ నంబరు ఇచ్చి సరిచూసుకోకుండా ఆర్డరు చేయవద్దు.

గుంటూరు_గేరు:

బ్రిస్బేన్ గారి విభజన బాగుంది, దానితో నాకు పేచీ లేదు. అయితే నేను లేవనెత్తిన కూలీ విషయానికి జవాబు రాలేదు. లోయర్ ఆర్మ్ విప్పి బాల్ జాయింట్ ఒక్కటే మార్చి, అదే ఆర్మ్‌లో ఉన్న పాత బుష్‌ను అలాగే బిగించడం తెలివైన పనేనా?

ఆటోనగర్_పానా:

కాదు, ఆ మాట వరకు మీరే కరెక్టు. ఏ పార్టు విప్పితే ఏ పార్టు దానంతట అదే చేతికి వస్తుందో చూసి నిర్ణయించాలి. లోయర్ ఆర్మ్ బయటికి వచ్చిందంటే దాని రెండు బుష్‌లు, బాల్ జాయింటు మూడూ కలిపి చూడాలి, వాటిలో ఏది అనుమానంగా ఉన్నా అప్పుడే మార్చాలి. వీల్ బేరింగు, ర్యాకు అలాంటివి కావు, వాటికి ఈ పనితో ముడి లేదు. లింక్ రాడ్ ఎప్పుడైనా అరగంటలో మార్చుకునేది. అన్నీ ఒకేసారి మార్చాలన్న సూత్రం ఆర్మ్ వరకు సరిపోతుంది, మొత్తం ముందు భాగానికి సరిపోదు.

బుష్‌ను చూసే పద్ధతి కూడా చెబుతాను. పైన సన్నని పగుళ్లు కనిపించినంత మాత్రాన బుష్ పోయిందని కాదు. లివరు పెట్టి ఆర్మ్‌ను ముందుకూ వెనక్కూ ఒత్తి చూడాలి. రబ్బరు కొంచెం సాగి తిరిగి వస్తే పరవాలేదు. రబ్బరుకూ లోపలి ఇనుప గొట్టానికీ మధ్య సందు తెరుచుకుంటే ఆ బుష్ పని అయిపోయింది. కోడూరు గారు చెప్పిన బ్రేకు దెబ్బ నన్ను ఈ వైపే ఆలోచింపజేస్తోంది. బ్రేకు పడగానే చక్రం వెనక్కి జరగబోతుంది, చిరిగిన లోయర్ ఆర్మ్ బుష్ దాన్ని ఆపలేదు, ఆర్మ్ జరిగి ఇనుము ఇనుమును కొడుతుంది. క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలిన కోణం) కూడా మారిపోతుంది కనుక టైరు లోపలి అంచు తినడానికి అదే కారణం కావచ్చు.

గడగడ శబ్దానికి ఒక సులువైన పరీక్ష ఉంది. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కే స్పీడ్ బ్రేకర్ మీద నెమ్మదిగా పోండి. తరువాత ఒక్క చక్రం మాత్రమే పడే చిన్న గుంటలో పోండి. మొదటిదానిలో శబ్దం లేకుండా, రెండోదానిలో వస్తే లింక్ రాడ్లనే అనుమానించాలి. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు స్టెబిలైజర్ బారు తన బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, లింకు మీద పెద్దగా ఒత్తిడి పడదు. ఒక్క చక్రమే లేచినప్పుడు ఒత్తిడంతా లింకు మీదే.

స్ప్రింగులు దిగాయేమో కూడా కొలవండి. చదునైన నేల మీద, తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు, చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు వరకు రెండు వైపులా టేపుతో కొలిస్తే చాలు. ఒక వైపు బాగా దిగి ఉంటే ఎన్ని బుష్‌లు మార్చినా క్యాంబర్ సరైన కొలతకు రాదు.

ఎస్-క్యాబ్_మదనపల్లె:

మాది డి-మ్యాక్స్ ఎస్-క్యాబ్, టమాటా మార్కెట్టుకు తిరుగుతుంది. గూడ్స్ బండిగా రిజిస్ట్రేషన్ చేసి, 8 ఏళ్లు దాటింది కనుక ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ భయంతోనైనా ముందు భాగాన్ని ఏటా చూపిస్తుంటాను. కోడూరు గారిది సొంత వాడకం బండి కనుక 15 ఏళ్ల వరకు ఎవరూ అడగరు. అందుకే మీ అంతట మీరే ఏటా ఒకసారి జాయింట్లను కప్పే రబ్బరు బూట్లను చూసుకోవడం మంచిది. మన ఎర్రమట్టి బాటల్లో బాల్ జాయింట్ బూటు చిరిగిందంటే లోపలి గ్రీజులో సన్నని ఇసుక కలిసి సానరాయిలా నూరేస్తుంది. ప్లే ఇంకా రాలేదు కదా అని చిరిగిన బూటుతో జాయింటును వదిలేయడం నా దృష్టిలో సరికాదు.

కోడూరు_తోట:

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఆదివారం మా ఊరి మేస్త్రీ గారిని తోటకు పిలిపించి, ఇక్కడ రాసిన పరీక్షలన్నీ సిమెంటు కళ్లం మీద వరుసగా చేయించాను. ఫలితాలు ఇవి.

ఎడమ లోయర్ బాల్ జాయింట్‌లో గడ్డపారతో లేపినప్పుడు స్పష్టంగా ప్లే ఉంది, వేలు పెడితే టిక్కుమని తగులుతోంది. బూటు వెనుక వైపు చిరిగి, బయటికి వచ్చిన గ్రీజు ఎర్రమట్టితో కలిసి ఎండి ఉంది. ముందు నుంచి చూస్తే ఇదేమీ కనిపించదు. కుడి లోయర్ జాయింట్‌లో ప్లే లేదు కానీ బూటు నెర్రెలు ఇచ్చింది. పై జాయింట్లు రెండూ గట్టిగా, బూట్లతో సహా బాగున్నాయి. ఎడమ లోయర్ ఆర్మ్ వెనుక బుష్‌లో లివరు పెట్టగానే సందు తెరుచుకుంది, అందులో పోస్టుకార్డు దూరేంత ఖాళీ ఉంది. కుడి బుష్ సాగి తిరిగి వస్తోంది. బ్రేకు తొక్కించి ఊపితే పైకీ కిందికీ ఉన్న ప్లే తగ్గలేదు, కాబట్టి బేరింగులకు దోషం లేదు. స్పీడ్ బ్రేకర్ మీద శబ్దం లేదు, ఒక్క చక్రం గుంటలో పడితే ఉంది. ఎత్తు కొలతల్లో రెండు వైపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. షాక్ అబ్జార్బర్ల మీద నూనె కారిన గుర్తు లేదు.

అర్థం కానిది స్టీరింగు ఒక్కటే. టై రాడ్ ఎండ్లు, ర్యాక్ ఎండ్లు నాలుగూ బాగానే ఉన్నాయి, తొడుగులు పొడిగా ఉన్నాయి. అయినా స్టీరింగు కదుపుతుంటే ర్యాక్ మొత్తం, గొట్టంతో సహా, పక్కకు కొద్దిగా జరిగి మళ్లీ వస్తోంది. ఇది సహజమేనా?

ఆటోనగర్_పానా:

సహజం కాదు, మీ బండి హైవే మీద వరుసలో నిలవకపోవడానికి ప్రధాన కారణం మీరు కనిపెట్టినట్టే. ర్యాక్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే చోట రబ్బరు బుష్‌లు ఉంటాయి. అవి మెత్తబడితే మీరు స్టీరింగు తిప్పిన మొదటి కొంత భాగం చక్రానికి చేరకుండా ర్యాక్‌ను పక్కకు జరపడానికే ఖర్చయిపోతుంది. ముందుగా ఆ బిగింపు బోల్టులు వదులయ్యాయేమో చూడండి. వదులు కాకపోతే మౌంటింగ్ బుష్‌లు మార్చాలి. ర్యాక్ లోపలి పళ్లలో తేడా లేదు, సీలు పోలేదు. కాబట్టి కొత్త ర్యాక్ ఖర్చు మీకు అనవసరం. దాన్ని మార్చి పాత బుష్‌లతోనే బిగించి ఉంటే, అంత డబ్బు పోసి కూడా రోడ్డు మీద ఇదే ఇబ్బంది పడేవారు.

గుంటూరు_గేరు:

ఈ ఫలితాలు చూశాక ర్యాక్, బేరింగులు, అప్పర్ ఆర్మ్‌ల విషయంలో నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఎడమ వైపు బుష్, బాల్ జాయింట్ మారుస్తున్నప్పుడు కుడి వైపు కూడా మార్చాలనే ఇప్పటికీ అంటాను. ఒక వైపు కొత్త రబ్బరు, మరో వైపు తొమ్మిదేళ్ల రబ్బరు ఉంటే బ్రేకు పడినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

బ్రిస్బేన్_బండి:

లోయర్ ఆర్మ్ బుష్‌ల వరకు జతగా మార్చడాన్ని నేనూ సమర్థిస్తాను. కుడి బాల్ జాయింట్ బూటు నెర్రెలు ఇచ్చింది కనుక దానికీ వేరే ఆలోచన అక్కర్లేదు. టై రాడ్ ఎండ్లు మాత్రం బాగున్నప్పుడు, బూట్లు చెక్కుచెదరనప్పుడు మార్చవద్దు. కంపెనీ బిగింపుతో వచ్చిన మంచి జాయింట్‌ను తీసి, ఎక్కడ తయారైందో తెలియని డూప్లికేటును పెట్టడం లాభం కాదు. గట్టి పాలియురేథేన్ బుష్‌లు వేయించుకోమని కూడా ఎవరైనా అనవచ్చు. అవి రబ్బరు కన్నా ఎక్కువ అదురును లోపలికి పంపుతాయి. తోట బాటల మీద రోజూ తిరిగే బండికి అసలు రబ్బరు బుష్‌లే హాయి.

కోడూరు_తోట:

అయితే నా నిర్ణయం ఇలా ఉంది. రెండు వైపులా లోయర్ బాల్ జాయింట్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు, ర్యాక్ మౌంటింగ్ బుష్‌లు మార్పిస్తాను. ర్యాక్, అప్పర్ ఆర్మ్‌లు, టై రాడ్ ఎండ్లు, ర్యాక్ ఎండ్లు, బేరింగులు, షాక్ అబ్జార్బర్లు అలాగే ఉంటాయి. పార్టులు ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ డీలరు దగ్గరే తెప్పిస్తున్నాను. ఖర్చు మొదటి అంచనాలో సగానికి కూడా రావడం లేదు. పని మా మేస్త్రీ గారే చేస్తారు. వారు ఈ రకం బండి మీద ఎక్కువ పని చేయలేదు కనుక, బిగింపులో ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సినవి ఏవో చెప్పగలరా? అలైన్‌మెంటు ఇప్పుడే చేయించనా, కొత్త టైర్లు వేసిన తరువాతా?

ఆటోనగర్_పానా:

మంచి నిర్ణయం. మీ మేస్త్రీ గారికి ఇవి చదివి వినిపించండి.

ఆర్మ్ బుష్ బోల్టులను బండి గాలిలో ఉండగా పూర్తిగా బిగించవద్దు. ఈ బుష్‌లలో రబ్బరు లోపలి గొట్టానికి అతికి ఉంటుంది. ఆర్మ్ వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలితిరిగి, ఎప్పుడూ ఆ మెలితోనే ఉండి, కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. చేతి బిగువుతో ఉంచి, చక్రాలు నేల మీద ఆని బండి బరువు పడిన తరువాత, ముందూ వెనుకా కాస్త కదిపి, అప్పుడు టార్క్ రెంచితో చివరి బిగింపు ఇవ్వాలి. కొత్త బుష్‌లు తొందరగా పోయాయని వచ్చే బండ్లలో చాలావాటికి ఈ తప్పే కారణం.

బాల్ జాయింట్‌ను విడదీసేటప్పుడు మర మీద సుత్తితో కొట్టవద్దు. పుల్లరు వాడాలి, లేదా నకుల్ (చక్రాన్ని మోసే ఇనుప భాగం) కన్ను పక్క భాగం మీద దెబ్బ వేయాలి. కొత్త జాయింట్ నట్టుకు స్ప్లిట్ పిన్ (నట్టు తిరగకుండా రంధ్రంలో దూర్చే పిన్ను) ఉంటే అది కూడా కొత్తదే వేయాలి. రంధ్రం కుదరకపోతే నట్టును ఇంకొంచెం బిగించి కుదుర్చుకోవాలే తప్ప వదులు చేయకూడదు. బ్రేకు కాలిపర్‌ను గొట్టం మీద వేలాడదీయకుండా తీగతో పైకి కట్టాలి, ఏబీఎస్ వైరును ముందే విడిపించాలి. మీది ఫోర్ బై ఫోర్ కనుక హబ్‌ను బయటికి ఎక్కువగా లాగితే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు విడిపోయే ప్రమాదం ఉంది. ఎలాగూ విప్పుతున్నారు కనుక షాఫ్ట్ రబ్బరు బూట్లు కూడా తిప్పి చూడమనండి.

అలైన్‌మెంటు సవరణకు ఉన్న క్యామ్ బోల్టులు ఇన్నేళ్లలో తుప్పు పట్టి ఉంటాయి. విప్పే ముందు రోజే నూనె వేసి నాననివ్వండి, విప్పేటప్పుడు వాటి పాత స్థానానికి పెయింటుతో గుర్తు పెట్టండి. పని అయిన వెంటనే బోల్టులను ఆ గుర్తుల మీదే ఉంచి నెమ్మదిగా అలైన్‌మెంటు కేంద్రానికి వెళ్లవచ్చు. ఎడమ టైరు ఎలాగూ నిలవదు కనుక ముందు జత టైర్లు కొత్తవి వేసి, గాలి సరిచేయించి, తొట్టి ఖాళీగా ఉంచి, అదే రోజు అలైన్‌మెంటు చేయించండి. క్యాంబర్, క్యాస్టర్, టో అనే చక్రపు కోణాలు మూడూ కనిపించే ప్రింటు అడిగి తీసుకోండి. ఎడమ క్యాంబర్ ఇంకా కొలతకు రాలేదని ప్రింటు చెబితే ఆ కాగితం ఫొటో ఇక్కడ పెట్టండి, అప్పుడు ఆర్మ్ వంగిందేమో చూద్దాం.